పాత పియానోను చేతులతో బాగుచేసుకోవడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పాత పియానో ఒకటి చేతికి వచ్చింది, పనిని ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే పైపెట్టెకు పాలిష్ పట్టించి, ఆ తర్వాత లోపలి సంగతి అడుగుతున్నారు. పని తలకిందులయ్యేది అక్కడే. ముందు బరువు మోసే భాగాలు, తర్వాత కదిలే భాగాలు, ఆ తర్వాత శ్రుతి, పలుకు (నాదం మెత్తగా ఉందా, కటువుగా ఉందా అన్నది), అన్నిటికన్నా చివర మెరుపు: ఈ వరుస తప్పితే చేసిన పనినే మళ్లీ చేయవలసి వస్తుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా గోడకు ఆనించి నిలబెట్టే అప్‌రైట్ పియానో గురించి. ఇళ్లలో దొరికే పాత పియానోల్లో ఎక్కువ భాగం అవే. తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానోకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. చేయి పెట్టే ముందు పరీక్ష

తీగల కొసలు చుట్టుకునే ఉక్కు పిన్నులు, ఇనుప చట్రం వెనుక ఉండే గట్టి కలప దిమ్మలో దిగి ఉంటాయి. ఈ దిమ్మను పిన్‌బ్లాక్ అంటారు. పియానో భవిష్యత్తు ముప్పాతిక వంతు దీని మీదే ఆధారపడి ఉంటుంది. హ్యామర్లు (తీగలను కొట్టే, ఫెల్ట్ అంటే నొక్కిన ఉన్ని చుట్టిన సుత్తులు) మార్చవచ్చు, తీగలు మార్చవచ్చు, మీటలకు కొత్త పైపలకలు అతికించవచ్చు. పిన్‌బ్లాక్ మార్చడం మాత్రం ఇంట్లో తలపెట్టే పని కాదు.

పరీక్ష తేలికే. ట్యూనింగ్ లివర్‌ను (పిన్నులు తిప్పే పొడవాటి పనిముట్టు) పిన్ను మీద పెట్టి కొంచెం తిప్పి చూడండి. పిన్ను గట్టిగా, ఒకే తీరు ప్రతిఘటనతో తిరిగి, చేయి తీసిన చోటే నిలవాలి. రెండు వేళ్లతో నెడితేనే తిరిగిపోయి, వదలగానే తీగ బిగువుకు వెనక్కి జారితే ఆ పిన్ను పట్టు పోయినట్టే. బేస్ (మంద్ర స్వరాల భాగం), మధ్య, పై స్థాయి భాగాల్లో కనీసం 20 పిన్నులు ఇలా చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి వదులుగా ఉంటే భయం లేదు. వరుసగా ఒక భాగమంతా వదులైతే దిమ్మ లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు.

మిగతావి ఈ జాబితా ప్రకారం చూసి, కాగితం మీద రాసుకోండి.

• ఇనుప చట్రం: పిన్నుల దగ్గర, అడ్డకమ్మీల మొదళ్లలో వెంట్రుకవాసి పగులైనా ఉందా? ఉంటే పని అక్కడితో ఆపండి.
• పైమూత తెరిచి చూస్తే, పిన్‌బ్లాక్‌కూ వెనుక స్తంభాలకూ మధ్య సందు తెరుచుకుందా?
• సౌండ్‌బోర్డు (తీగల మోతను పెంచే పెద్ద పలక): పగుళ్లు ఎన్ని, వెనుకనున్న కర్రబద్దలు విడిపోయాయా?
• బ్రిడ్జి (తీగల కదలికను సౌండ్‌బోర్డుకు చేర్చే కర్ర): తీగలను ఒరగబెట్టే చిన్న పిన్నుల వరుస వెంట చీలికలు ఉన్నాయా?
• బేస్ తీగలు: రాగి చుట్ట వదులై, మోత మొద్దుబారిందా?
• ఫెల్ట్: చిమ్మెటలు, ఎలుకలు తిన్న జాడలు ఉన్నాయా?
• యాక్షన్ (మీట కదలికను హ్యామర్‌కు చేర్చే యంత్రాంగం): డ్యాంపర్లు (తీగ మోతను ఆపే ఫెల్ట్ దిమ్మలు) హ్యామర్లకు కింద ఉన్నాయా, పైన ఉన్నాయా?

చివరి అంశానికి కారణం ఉంది. డ్యాంపర్లు పైన ఉండి, ముందువైపు నిలువు తీగలు పంజరంలా కప్పి ఉండే పాత నిర్మాణంలో ఏ చిన్న సర్దుబాటుకైనా ఆ పంజరమంతా తీయాలి. అంతా సరిచేసినా స్వరం సరిగా ఆగదు. మొదటిసారి పనిచేసేవారు అలాంటి దానిని వదిలేయడమే మంచిది.

2. చోటు, పనిముట్లు, జాగ్రత్తలు

అప్‌రైట్ పియానో బరువు సాధారణంగా 200 నుంచి 300 కిలోల వరకు ఉంటుంది. ఇనుప చట్రం వెనుకవైపు ఉండటం వల్ల బరువంతా వెనక్కే ఉంటుంది. గోడ నుంచి ముందుకు లాగిన పియానో వెనక్కి తూలితే ఒక మనిషి ఆపలేడు. దాన్ని వెనక్కి పడుకోబెట్టవలసి వస్తే అందుకని తయారుచేసిన వాలుబండి వాడండి, లేదా అనుభవమున్న ముగ్గురు నలుగురిని పిలవండి.

పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి. వాటి బిగువంతా కలిపితే 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. తెగిన తీగ కన్ను పోగొట్టగలదు. కాబట్టి తీగల దగ్గర పని చేసినంతసేపూ రక్షణ కళ్లద్దాలు తీయకండి. మీటల్లో బరువు కోసం దిగగొట్టిన సీసపు బిళ్లలు తెల్లటి పొడి రాలుస్తుంటే, చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి; ఆ పొడిని ఊదకండి, తడిగుడ్డతో తీసేయండి.

గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పని మొదలుపెట్టక ముందే పియానో పక్కన పెట్టండి. ఈ అంకె కన్నా నిలకడే ముఖ్యం.

కావలసిన పనిముట్లు:

• పిన్నుకు సరిపోయే నక్షత్రపు గూడు ఉన్న ట్యూనింగ్ లివర్. సైకిలు పానాలు, ప్లయర్స్ వాడితే పిన్ను తల అరిగిపోతుంది.
• తీగ మోగకుండా ఆపే రబ్బరు మ్యూట్లు, పొడవాటి ఫెల్ట్ పట్టీ.
• మైక్రోమీటర్, ఉక్కు స్కేలు, పొడవైన సరళపట్టీ.
• పొడవాటి స్క్రూడ్రైవర్లు, క్యాప్‌స్టన్ స్క్రూలు (మీట వెనుక భాగంలో ఉండి యాక్షన్‌ను ఎత్తేవి) తిప్పే పనిముట్టు, తీగ వంచే ప్లయర్స్.
• సెంటర్ పిన్నులు (యాక్షన్ కీళ్లలో ఇరుసుల్లా ఉండే సన్నని పిన్నులు) బయటికి నొక్కే పనిముట్టు, రకరకాల మందాల సెంటర్ పిన్నులు, రంధ్రాలు సవరించే సన్నని రీమర్లు.
• మెత్తని కుంచెలు, వ్యాక్యూమ్ క్లీనర్, ప్రకాశవంతమైన దీపం.
• వేడిచేసి వాడే చర్మపు జిగురు. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే ఈ జిగురు, రేపు ఎవరైనా విప్పాలనుకుంటే వేడికీ తేమకూ వదిలిపోతుంది.

యంత్రాలకు వాడే నూనె స్ప్రేలను ఆ గది గడప కూడా దాటనీయకండి. తుప్పు పట్టిన పిన్ను మీదో, బిగుసుకున్న కీలు మీదో ఒక్కసారి కొడితే నూనె కలపలోకీ ఫెల్ట్‌లోకీ ఇంకిపోతుంది. ఆ తర్వాత ఏ జిగురూ అక్కడ పట్టదు.

3. విప్పడం, గుర్తులు పెట్టడం

ప్రతి భాగాన్నీ తీయక ముందు ఒకటి, తీశాక ఒకటి ఫొటో తీసుకోండి. స్క్రూలను ఏ భాగానివి ఆ భాగపు పేరు రాసిన డబ్బాలో వేయండి. పాత స్క్రూలు ఒకేలా కనిపించినా వాటి రంధ్రాలకు అవే అలవాటు పడి ఉంటాయి.

అప్‌రైట్‌లో వరుస ఇది: పైమూత తెరవాలి, ముందు పలకను పట్టి ఉంచే గొళ్లేలు తిప్పి పలక తీయాలి, మీటల మీది మూత తీయాలి, ఆ తర్వాత యాక్షన్ చట్రాన్ని పట్టి ఉంచిన పైనాబ్‌లు విప్పాలి. పెడల్ నుంచి డ్యాంపర్లకు వచ్చే నిలువు కర్రను తప్పించి, యాక్షన్ పైభాగాన్ని మెల్లగా మీ వైపు వాల్చి, రెండు చేతులా సమంగా పైకెత్తాలి. డ్యాంపర్లు తీగలకు తగులుకుంటాయి కనుక ఇక్కడ తొందర పనికిరాదు.

గ్రాండ్‌లో యాక్షన్, మీటలు కలిసి సొరుగులా ముందుకు వస్తాయి. బయటికి లాగుతున్నప్పుడు ఏ మీట మీదా వేలు పడకూడదు. మీట నొక్కుకుంటే హ్యామర్ పైకి లేచి పిన్‌బ్లాక్ అంచుకు తగిలి విరుగుతుంది. నా మొదటి గ్రాండ్‌లో ఇలా మూడు హ్యామర్ కాడలు విరగ్గొట్టుకున్నాను.

మీటల మీద సాధారణంగా ఎడమ నుంచి 1 మొదలుకొని అంకెలు ముద్రించి ఉంటాయి. లేకపోతే ఒక మూల నుంచి ఎదుటి మూలకు అన్ని మీటల మీదుగా ఏటవాలుగా పెన్సిల్ గీత గీయండి. ఒక్క మీట తారుమారైనా గీత తెగి కనిపిస్తుంది. మీటల కింద ఉన్న కాగితపు వలయాలను దేని పిన్నుకు దాన్నే ఉంచండి. వాటిని కలిపేస్తే మీటల ఎత్తు మొదటి నుంచి సరిచేయాలి.

4. దుమ్ము తీయడం

యాక్షన్ బయట, మీటలు బయట ఉన్నప్పుడే ఇది చేయాలి. మీటల పలకను కుంచెతో, వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయండి. వ్యాక్యూమ్ మూతికి పలుచని గుడ్డ కట్టండి. లేకుంటే ఫెల్ట్ వలయాలు లోపలికి పోతాయి. పెన్సిళ్లు, నాణేలు, జడపిన్నులు దొరకని పాత పియానో నేను ఇంతవరకు చూడలేదు. మీట దిగడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

యాక్షన్‌ను ఆరుబయట పెట్టి, తక్కువ ఒత్తిడి గాలితో పక్క నుంచి ఊదాలి. ఎలుకల మలమూత్రాలు ఉన్నచోట పొడిగా ఊడ్చవద్దు. మాస్కు పెట్టుకొని, తడిపి తుడిచి, ఆ ఫెల్ట్ మొత్తాన్ని మార్చేయండి.

5. సౌండ్‌బోర్డు, బ్రిడ్జి

సౌండ్‌బోర్డు స్ప్రూస్ కలపతో చేసిన, సుమారు 8 లేదా 9 మిల్లీమీటర్ల మందపు పలక. వెనుక కర్రబద్దలు దాన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా నిలుపుతాయి. పగులు కనిపించగానే పియానో పోయిందని నిరుత్సాహపడేవారు ఎక్కువ. బద్దలకు గట్టిగా అతికి ఉన్న పలకలో పగులున్నా నాదం బాగానే ఉండవచ్చు. చూడవలసింది పగులు వల్ల గరగర శబ్దం వస్తోందా అన్నదే.

వెనుకవైపు నుంచి ఒక్కొక్క బద్ద వెంటా వేలి కణుపుతో తట్టుతూ వెళ్లండి. బద్ద విడిపోయిన చోట డొల్ల మోత, చిన్న చప్పుడు వినిపిస్తాయి. అక్కడ పలుచని కత్తితో సందులోకి జిగురు పోనిచ్చి, పలకలోంచి బద్దలోకి చిన్న స్క్రూ, దాని కింద చెక్కబిళ్ల పెట్టి దగ్గరకు లాగి, జిగురు ఆరాక స్క్రూ తీసేయవచ్చు.

పగులును పూడ్చాలంటే ముందు తీగల బిగువు సడలించాలి, పలకను బాగా ఆరనివ్వాలి. పలక తేమగా ఉన్నప్పుడు పగులు మూసుకుని ఉంటుంది. అప్పుడు పూడిస్తే ఎండకాలంలో పక్కనే మరో పగులు తెరుచుకుంటుంది. పగులును ఆంగ్ల వి ఆకారంలో సన్నగా చెక్కి, అదే దిశలో నారలున్న స్ప్రూస్ బద్దను జిగురుతో దిగగొట్టి, ఆరాక ఉలితో సమం చేయాలి.

ఉబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి వెనుకవైపు పొడవైన బద్ద పక్కన, పలక ఒక అంచు నుంచి రెండో అంచుకు దారం బిగించి లాగి, మధ్యలో పలకకూ దారానికీ ఎంత సందుందో చూస్తారు. కొలతలో ఉబ్బు పోయినట్టు తేలినా మోత నిండుగా ఉంటే పలక జోలికి వెళ్లకండి.

బ్రిడ్జిలో సన్నని చీలికలుంటే ఆ భాగపు తీగలు సడలించి, చీలికలోకి ఎపాక్సీ జిగురు పోయవచ్చు. పిన్నులు ఊడిపోయేంత చీలిపోయిన బ్రిడ్జిని మాత్రం నిపుణుడికే వదలండి.

6. తీగలు, పిన్నులు

అన్ని తీగలనూ ఒకేసారి విప్పకండి, ఒక భాగం తీగలను పూర్తిగా తీసి మరో భాగాన్ని బిగువుగా వదిలేయకండి. చట్రం మీద బరువు ఒకవైపే పడితే పగిలే ప్రమాదం ఉంది. బిగువు తగ్గించవలసి వస్తే మొదటి విడతలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి పిన్నునూ అర చుట్టు తిప్పండి, రెండో విడతలో మిగతాది సడలించండి.

తీగలన్నీ మార్చాలా? తుప్పు పైపైనే ఉండి, మోత స్పష్టంగా ఉంటే అక్కరలేదు. తెగేవి సాధారణంగా పిన్ను చుట్ట దగ్గర, తీగ ఒరిగి వంపు తిరిగే చోట. కొద్దిపాటి శ్రుతి పెంచే లోపే మూడు నాలుగు తెగితే, అన్నీ మార్చడమే దారి.

ఒక తీగ మార్చే పద్ధతి:

• పాత తీగ మందాన్ని మైక్రోమీటర్‌తో, తుప్పులేని చోట కొలవండి. పక్కపక్క సైజుల మధ్య తేడా 0.025 మిల్లీమీటర్లే కనుక కంటి అంచనా పనికిరాదు.
• పిన్నును సుమారు 3 చుట్లు వెనక్కి తిప్పి, పాత చుట్ట ఊడదీయండి.
• కొత్త తీగను దారి ప్రకారం లాగి, పిన్ను దాటాక మరో 70 మిల్లీమీటర్ల చొప్పున వదిలి కత్తిరించండి.
• కొసను పిన్ను రంధ్రంలో పెట్టి 3 చుట్లు చుట్టండి. వెనక్కి తిప్పినన్ని చుట్లే ముందుకు తిప్పారు కనుక పిన్ను మునుపటి లోతుకే చేరుతుంది.
• చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేలా ఎత్తండి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.
• బ్రిడ్జి దగ్గర తీగను నొక్కి, దాని స్థానంలో గట్టిగా కూర్చోబెట్టండి.

మధ్య, పై స్థాయిల్లో చాలా పియానోల్లో ఒకే తీగ కింది కొక్కేన్ని చుట్టి రెండు తీగలుగా పనిచేస్తుంది. ఒకటి తెగితే రెండూ పోతాయని గుర్తుంచుకోండి.

రాగి చుట్టిన బేస్ తీగలు ఇంట్లో తయారయ్యేవి కావు. తీగ పిన్ను దగ్గర తెగి, చుట్ట భాగం బాగుంటే అదే మందపు ఉక్కుతీగను ముడివేసి పొడిగించండి. పాత మోత నిలుస్తుంది. మోత మొద్దుబారిన బేస్ తీగను సడలించి, కింది కొక్కెం నుంచి తీసి, రాగి చుట్టిన దిశలోనే ఒక చుట్టు మెలిపెట్టి తిరిగి తగిలిస్తే కొన్నిసార్లు పలుకు తిరిగి వస్తుంది. ఎదురు దిశలో మెలిపెడితే చుట్ట వదులై తీగ పూర్తిగా పాడవుతుంది.

వదులైన పిన్నులకు మందు తీవ్రతను బట్టి మారుతుంది. పిన్ను తల చట్రానికి ఎత్తుగా ఉంటే రెండు మిల్లీమీటర్లు లోపలికి కొట్టి చూడవచ్చు. ఒకటి రెండు పిన్నులైతే ఒక సైజు లావు పిన్ను వేయవచ్చు. చాలా పిన్నులు వదులైతే పియానోను వెనక్కి పడుకోబెట్టి, నీళ్లలా పలుచగా ఉండే సయనోఅక్రిలేట్ జిగురును ప్రతి పిన్ను మొదట్లో కొన్ని చుక్కలు వేసి, ఇంకాక మళ్లీ వేసి, మర్నాటి దాకా కదపకుండా ఉంచాలి. ఆ ఆవిరి కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. కిటికీలు తెరిచి, ఆవిరిని అడ్డుకునే మాస్కు పెట్టుకునే చేయండి. జిగురు తీగచుట్ట మీద పడకూడదు. పూర్వం ఇదే పనికి వాడిన గ్లిజరిన్ ద్రావణాలు కలపను జిడ్డుచేసి, తర్వాతి మరమ్మతుకు అడ్డుపడతాయి. వాటి జోలికి పోకండి.

7. మీటలు

మీట మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది, ముందు మరో పిన్ను దాన్ని పక్కకు జరగకుండా ఆపుతుంది. రెండు చోట్లా రంధ్రపు గోడలకు బుషింగ్ గుడ్డ అతికించి ఉంటుంది. అది అరిగితే మీట పక్కలకు కదిలి టకటకమంటుంది, ఉబ్బితే మీట పైకి రాదు.

బిగుసుకున్న మీటకు ఉబ్బిన గుడ్డను రెండు వైపులా చదును చేసే ప్రత్యేక ప్లయర్స్‌తో మెల్లగా నొక్కితే చాలు. అరిగిన వాటికి పాత గుడ్డను ఆవిరితో మెత్తబరచి తీసి, కొత్త గుడ్డను చర్మపు జిగురుతో అతికించి, సరైన మందపు చెక్కబిళ్ల పెట్టి ఆరనివ్వాలి. ముందు పిన్ను కోలగా ఉంటుంది కనుక దాన్ని కాస్త తిప్పి వదులును కప్పిపుచ్చే అలవాటు కొందరికి ఉంది. అలా తిప్పిన పిన్ను అంచు కొత్త గుడ్డను కూడా కోసేస్తుంది. తిప్పి ఉన్నవి కనిపిస్తే ముందు తిన్నగా చేయండి.

పాత మీటల పైపలక ఏనుగు దంతమా, సెల్యులాయిడా అన్నది ముందు తేల్చుకోండి. దంతపు పలకలో సన్నని సహజ గీతలుంటాయి, ముందు భాగమూ వెనుక భాగమూ విడిగా అతికించిన సన్నని అతుకు కనిపిస్తుంది. దంతాన్ని బాగా పిండిన తడిగుడ్డతో మాత్రమే తుడవాలి, నానితే వంగిపోతుంది. పలుచని దంతం గుండా కింది రంగు కనిపిస్తుంది కనుక తిరిగి అతికించేటప్పుడు తెల్ల జిగురే వాడాలి. సెల్యులాయిడ్ త్వరగా అంటుకునే పదార్థం. దాని దగ్గర వేడి, నిప్పురవ్వ, అసిటోన్ ఏవీ ఉండకూడదు. దంతమున్న పియానోను దేశం దాటించడానికి అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం కింద కఠినమైన నిబంధనలున్నాయి. ఊడిన పలక చోట కొత్త దంతం వెతకవద్దు.

8. యాక్షన్

మొదట ప్రతి ఫ్లాంజ్ (కదిలే భాగాన్ని పట్టి ఉంచే కీలు దిమ్మ) స్క్రూనూ బిగించండి. ఏళ్ల తరబడి కలప ఎండి కుంచించుకుపోవడం వల్ల అవన్నీ వదులై ఉంటాయి. ఇది చేయకుండా కొలతలు సరిచేయడం నీళ్ల మీద రాతే.

మందంగా కదిలే హ్యామర్‌కు కారణం ఎక్కువగా సెంటర్ పిన్ను చుట్టూ ఉన్న గుడ్డ ఉబ్బడమే. పరీక్ష ఇది: విడదీసిన హ్యామర్‌ను అడ్డంగా పట్టుకుంటే, ఫ్లాంజ్ తన స్క్రూ బరువుకు నిదానంగా కిందికి వాలాలి. టపీమని పడితే వదులు, కదలకపోతే బిగువు. బిగువుగా ఉన్నవాటికి ఆల్కహాల్, నీళ్లు కలిపిన చుక్క ఒకటి గుడ్డ మీద వేసి రాత్రంతా ఆరనివ్వండి. ఆరేటప్పుడు గుడ్డ కుంచించుకుపోయి దారి ఇస్తుంది. అయినా వదలకపోతే పాత పిన్ను తీసి, రీమర్‌తో రంధ్రం సవరించి, కొత్త పిన్ను వేయాలి. పిన్ను చుట్టూ ఆకుపచ్చని జిడ్డు కట్టి ఉంటే చుక్కలతో కాలం వృథా చేయకండి. పిన్నూ గుడ్డా రెండూ మార్చవలసిందే.

అప్‌రైట్‌లో ప్రతి హ్యామర్‌కూ దాన్ని వెనక్కి రావడానికి సాయపడే ఒక సన్నని బ్రిడిల్ టేపు ఉంటుంది. పాతవి వేలితో తాకితే తెగిపోతాయి. రెండు మూడు తెగి ఉంటే మొత్తం 88 టేపులూ మార్చడమే నయం. మిగతావి వారం తిరగకుండా అదే దారి పడతాయి. ప్రతి దెబ్బకూ టిక్కుమనే చప్పుడు వస్తుంటే హ్యామర్ తల కాడ దగ్గర జిగురు వదిలిందేమో ఊపి చూడండి.

9. హ్యామర్లు

తీగలు కొట్టీ కొట్టీ ఫెల్ట్ మీద గాళ్లు పడతాయి. గాళ్లు లోతుగా లేకపోతే, వెడల్పాటి చెక్కబద్దకు గరుకు కాగితం అంటించి, హ్యామర్ భుజం నుంచి మొన వైపు పొరలు తీయండి. ముందు 80 నంబరు, తర్వాత 150, చివర 220. రెండు వైపులా సమంగా తీస్తూ గుడ్డు ఆకారం నిలపాలి. మొనను అడ్డంగా రుద్ది చదును చేస్తే పలుకు గరగరలాడుతుంది. పైస్థాయి హ్యామర్లలో ఫెల్ట్ చాలా పలుచన. అక్కడ రెండు మూడు గీతలకు మించి రుద్దకండి. గాళ్లు కర్ర దాకా దిగిపోతే కొత్త హ్యామర్లు తప్పవు.

10. కొలతలు సరిచేయడం

ఇక్కడ ఒకటి మారిస్తే మరొకటి మారుతుంది కనుక మొత్తం వరుసను రెండుసార్లు చేయాలి. తయారీదారు ఇచ్చిన కొలతలు దొరికితే అవే పాటించండి. దొరకనప్పుడు అప్‌రైట్‌కు ఇవి మొదలుపెట్టదగినవి.

• మీటల ఎత్తు: సరళపట్టీ పెట్టి, మధ్య పిన్ను కింద కాగితపు వలయాలు చేర్చో తీసో సమం చేయండి.
• హ్యామర్ నుంచి తీగకు దూరం: సుమారు 45 మిల్లీమీటర్లు.
• ఖాళీ కదలిక: మీటను కొద్దిగా నొక్కగానే హ్యామర్ కదలాలి. లేకపోతే క్యాప్‌స్టన్ స్క్రూ పెంచండి. హ్యామర్ తన ఆనుడు పట్టీ నుంచి లేచిపోయేంత పెంచకూడదు.
• మీట దిగే లోతు: సుమారు 10 మిల్లీమీటర్లు, ముందు పిన్ను కింది వలయాలతో సరిచేయండి.
• విడుదల: మీటను చాలా మెల్లగా నొక్కితే హ్యామర్ తీగకు సుమారు 3 మిల్లీమీటర్ల దూరం దాకా వెళ్లి వెనక్కి జారాలి.
• చెక్ (కొట్టి తిరిగి వచ్చే హ్యామర్‌ను పట్టుకునే భాగం): గట్టిగా నొక్కి పట్టినప్పుడు హ్యామర్ తీగకు సుమారు 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగి నిలవాలి.
• డ్యాంపర్: హ్యామర్ సగం దూరం వెళ్లేసరికి తీగ మీద నుంచి లేవడం మొదలవ్వాలి.
• కుడి పెడల్: కొద్దిగా ఖాళీ తర్వాత డ్యాంపర్లన్నీ ఒక్కసారిగా లేవాలి.

కొట్టిన హ్యామర్ తీగ దగ్గరే ఆగిపోయి స్వరాన్ని నొక్కేస్తుంటే విడుదల ఆలస్యంగా ఉన్నట్టు, లేదా మీట చాలినంత లోతుకు దిగడం లేదన్నట్టు. ఒకే దెబ్బకు రెండుసార్లు మోగితే చెక్‌ను చూడండి.

11. శ్రుతిని పైకి తేవడం

ప్రస్తుత ప్రమాణంలో మధ్య స్థాయి ఎ స్వరం 440 హెర్ట్జ్. ఏళ్ల తరబడి శ్రుతి చేయని పియానో అర స్వరం, అంటే 100 సెంట్లు, దిగి ఉండటం మామూలే. ఒకేసారి సరిగ్గా 440కి తేవాలని ప్రయత్నించకండి. తర్వాతి తీగలు బిగించేకొద్దీ సౌండ్‌బోర్డు మీద ఒత్తిడి పెరిగి, ముందు చేసినవి దిగిపోతాయి. ఎంత దిగి ఉందో అందులో సుమారు నాలుగో వంతు అదనంగా పైకి లాగండి: 40 సెంట్లు దిగి ఉంటే 10 సెంట్లు ఎక్కువ. బేస్ తీగలకు అంతకన్నా తక్కువ చాలు.

తుప్పు పట్టిన తీగను పైకి లాగే ముందు కొద్దిగా కిందికి వదలండి. ఒరిగే చోట తుప్పు విడివడి, తెగే ప్రమాదం తగ్గుతుంది. పూర్వం 435 హెర్ట్జ్ ప్రమాణానికి చేసిన పియానోలున్నాయి. అది ఇప్పటి దానికి 20 సెంట్లు తక్కువ. తీగలు మరీ బలహీనంగా ఉండి, ఇతర వాయిద్యాలతో కలిసి వాయించే అవసరం లేకపోతే ఆ శ్రుతి దగ్గరే ఆగడం తప్పేమీ కాదు.

స్థూలంగా రెండు విడతలయ్యాక, కొన్ని రోజులు ఆగి అసలు శ్రుతి మొదలుపెట్టండి. మధ్య భాగంలో ఫెల్ట్ పట్టీతో పక్కతీగలు ఆపి, ఒక్కో స్వరానికి ఒక తీగను సరిచేసి, అక్కడి నుంచి అష్టకాలుగా (ఆక్టేవ్‌లుగా) విస్తరించాలి. లివర్‌తో పిన్నును వంచకుండా తిప్పాలి, మీటను గట్టిగా కొట్టి తీగ నిలిచిందో లేదో చూడాలి. వేళ్లకు ఈ తేడా తెలియడానికి సమయం పడుతుంది. కొత్త తీగలు వేసినవైతే మొదటి ఏడాదిలో నాలుగుసార్లయినా శ్రుతి చేయాలి.

12. పలుకు

శ్రుతి నిలిచాకే సూది పట్టండి. శ్రుతి తప్పిన పియానోలో కటువుదనం హ్యామర్‌దో తీగలదో తెలియదు. కటువుగా మోగే హ్యామర్ భుజాల్లోకి సూదులు దించి ఫెల్ట్‌ను వదులు చేయాలి. మొన మీద గుచ్చడం చివరి ఉపాయం, అదీ పైపైనే. ఒకటి రెండు పోట్లు పొడిచి, యాక్షన్ పెట్టి, విని, మళ్లీ తీయాలి. విసుగు పుట్టించే పనే, కానీ గుచ్చిన ఫెల్ట్‌ను తిరిగి గట్టిపరచడం అంతకన్నా కష్టం.

13. పైపెట్టె

ఇప్పుడు పాలిష్ సంగతి. కనిపించని చోట ఒక చుక్క ఆల్కహాల్ వేసి చూడండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. పలుచని లక్క ద్రావణాన్ని గుడ్డమూటతో పొరలు పొరలుగా పట్టించి బాగుచేయవచ్చు. చాలాసార్లు పాత మైనం, మసి తీస్తే చాలు, కింద మంచి పాలిషే ఉంటుంది. లేచిన వెనీర్ (పెట్టె మీద అతికించిన పలుచని కలప పొర) మీద గుడ్డ వేసి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనిస్తే కింది చర్మపు జిగురు మళ్లీ కరిగి పట్టుకుంటుంది. ఇత్తడి కీళ్లను పెట్టె మీదే రుద్దకండి, విప్పి బయట మెరుగు పెట్టండి. సిలికాన్ ఉన్న పాలిష్‌లు వాడితే తర్వాత ఏ పూతా నిలవదు.

అన్నీ బిగించాక ఏదో ఒక స్వరం దగ్గర జుమ్మనే శబ్దం వస్తుంది. దాదాపు ప్రతి పియానోకూ వస్తుంది. సౌండ్‌బోర్డును అనుమానించే ముందు ఈ వరుసలో వెతకండి: పియానో మీద పెట్టిన వస్తువులు, గదిలోని కిటికీ అద్దాలు, పటాలు, పైమూత కీళ్ల పిన్నులు, ముందు పలక గొళ్లేలు, వదులైన స్క్రూలు, అడుగున పడిన స్క్రూ, బేస్ తీగ రాగి చుట్ట. ఒకరు ఆ మీట కొడుతూ ఉంటే మరొకరు ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి పట్టుకుంటూ పోవాలి. వేలు పెట్టిన చోట శబ్దం ఆగితే అక్కడ ఒక చిన్న ఫెల్ట్ ముక్క అంటించండి.